ఉట్టి కింద పిల్లి – జీతం లేని ఓ ఉద్యోగి చరిత్ర

సింధు నాగరికత అనగానే మనకి స్కూలు పుస్తకంలోంచి గుర్తుండేవి మూడు. మొహెంజొదారో స్నానఘట్టం, నాట్యం చేసే అమ్మాయి కంచుబొమ్మ, ఎవరికీ కొరుకుడు పడని ఆ లిపి. నాలుగోది ఒకటుంది, దాన్ని మనకెవరూ చెప్పలేదు. 1935-36లో ఎర్నెస్ట్ మెకే అనే ఆయన సింధ్‌లోని చన్హుదారో దగ్గర తవ్వకాలు జరిపినప్పుడు ఓ ఇటుక దొరికింది. నాలుగు వేల ఏళ్ళ పైమాటే. ఆ ఇటుక ఇంకా పచ్చిగా వుండగా దాని మీద నుంచి ఓ పిల్లి పరిగెత్తింది. దాని వెనకాలే కుక్క. కుక్క అడుగు పిల్లి అడుగు అంచు మీద పడింది కాబట్టి ముందెవరో వెనకెవరో తేలిపోయింది. అడుగులు లోతుగా దిగబడి వుండడం చూసి రెండూ మంచి స్పీడులోనే వున్నాయని మెకే రాశాడు.

ఆ కాలం లిపిని ఇంతవరకూ ఎవరూ చదవలేదు గానీ, ఈ ఇటుక మాత్రం చదువు రానివాళ్ళకి కూడా అర్థమౌతుంది. పాపం ఆ ఇటుకలు చేసినాయన ఎంత తిట్టుకున్నాడో! అంటే మన వైపు పెంపుడు పిల్లికి సంబంధించిన అతి పాత ఆధారాల్లో ఒకటి, అది చేసిన ఆగం తాలూకు ఇన్సిడెంట్ రిపోర్ట్ అన్నమాట :)

ఇన్ని వేల ఏళ్ళుగా పాలు తాగేసి, గిన్నెలు దొర్లించి, పరుపు మీద ఎలుకని తెచ్చిపెట్టి, తిట్లు తింటూ కూడా ఈ జంతువు ఇంట్లోంచి ఎందుకు పోలేదు? పోనీ, మనమెందుకు తరమలేదు?

అప్లై చేయకుండా వచ్చిన ఉద్యోగం

కుక్కని మనిషి పని కోసం మలుచుకున్నాడు. ఆవుని కట్టేశాడు. పిల్లి విషయంలో అలాంటి ఇంటర్వ్యూ ఏదీ జరగలేదు. మనిషి ధాన్యం దాచాడు, ధాన్యం కోసం ఎలుక వచ్చింది, ఎలుక కోసం పిల్లి వచ్చింది. సైప్రస్ దీవిలో 2004లో బయటపెట్టిన ఓ సమాధిలో దాదాపు 9500 ఏళ్ళ కిందటి మనిషి పక్కనే పిల్లిని కూడా పూడ్చిపెట్టి వుంది. ఆ దీవిలో అడవి పిల్లులు వుండేవి కాదు కాబట్టి దాన్ని ఎవరో పడవలో ఎక్కించుకుని తెచ్చి వుండాలి. మన ఇళ్ళలో తిరిగే పిల్లి పూర్వీకుడు ఫెలిస్ లైబికా అనే అడవి పిల్లి. అది ఇంటిది అయిపోయింది పశ్చిమాసియాలోనని 2007లో చెప్పారు, ఈమధ్య జన్యు పరిశోధనలు ఉత్తర ఆఫ్రికా వైపు వేలు చూపిస్తున్నాయి. ఎక్కడైనా కానీండి, కారణం మాత్రం ఎక్కువమంది ఒప్పుకునేదే – గింజ, గింజ వెనక ఎలుక.

ఇది అర్థం కావడానికి ఈజిప్టు దాకా పోనక్కర్లేదు, మిర్యాలగూడ చాలు. 1967లో నాగార్జునసాగర్ కాలువలకి నీళ్ళొదిలారు. ఎడమ కాలువ కింద మెట్ట చేలు వరి మళ్ళయ్యాయి. వరి వెనకాలే రైస్ మిల్లులొచ్చాయి. ఇప్పుడు మిర్యాలగూడ అంటే ముందు గుర్తొచ్చేవి ఆ మిల్లులే. గింజ ఇంత పండే చోట గట్లలో బొరియలు తవ్వే పందికొక్కు రాకుండా వుంటుందా? ఇంతకీ ఇంగ్లీషువాళ్ళ ‘బ్యాండికూట్’ మన పందికొక్కు నుంచి పుట్టిన మాటే. డిక్షనరీకి మనమిచ్చిన కొద్దిపాటి మాటల్లో ఒకటి ఇదవడం గర్వపడాల్సిన విషయమో కాదో మీరే తేల్చుకోండి. మొత్తానికి గింజలున్న ప్రతి ఊళ్ళోనూ పాత కథే మళ్ళీ నడిచింది. పిలవకుండానే పిల్లి డ్యూటీలో చేరింది.

ఉట్టి అనే ఫైర్‌వాల్

ఉద్యోగి వచ్చాడు సరే, ఒక చిక్కుంది. ఎలుకని పట్టగలిగే పిల్లి పాల గిన్నెని కూడా పట్టగలదు. ఆ ఒడుపు, ఆ ఓపిక, ఆ చప్పుడు చేయని నడక – అన్నీ రెండు పనులకీ పనికొచ్చేవే. ఫీచరూ బగ్గూ ఒకే కోడ్‌లో వుంటే ఏం చేస్తాం? కోడ్ జోలికి పోకుండా బయట కంచె కడతాం. ఆ కంచె పేరే ఉట్టి.

ఇప్పటి పిల్లలకి ఉట్టి అంటే కృష్ణాష్టమి నాడు కొట్టేది మాత్రమే. ఒకప్పుడు అది ప్రతి ఇంట్లోనూ పాలూ పెరుగూ వెన్నా దాచే స్టోరేజ్. నారతో పేనిన తాళ్ళు, కింద చుట్టకుదురు లాంటి అల్లిక, అందులో ఒకదాని మీద ఒకటి కుండలు, మొత్తం దూలానికి వేలాడుతుంటుంది. ఎత్తు లెక్క చూడండి. మనిషి చెయ్యెత్తితే అందాలి, పిల్లి ఎగిరితే అందకూడదు. గోడకి దూరంగా గది మధ్యలో వుండాలి. ఒకవేళ దూకి పట్టుకున్నా తాడు ఊగుతుంది కాబట్టి కాలు నిలవదు. ఆర్కిటెక్చర్ రివ్యూ చేసినా ఇంతకంటే ఏం చెప్తారు? ఈ సెక్యూరిటీని దాటినవాళ్ళు పురాణంలో ఒక్కడే – గోకులం బాలకృష్ణుడు. ఆయనకి రోలు నిచ్చెనా, తోడుగా గ్యాంగూ వుండేవి. పిల్లిది సోలో ప్రాజెక్ట్.

మన సామెతలన్నీ ఒకచోట పోసి చూస్తే ఈ పోరాటం మొత్తం కనిపిస్తుంది. పిల్లి శాపాలకి ఉట్టి తెగుతుందా అన్నారంటే, ఉట్టి కింద కూర్చుని పైకి చూస్తూ అరిచే పిల్లిని ఎవరో రోజూ చూసి వుండాలి. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లి, కాలు కాలిన పిల్లి, గోడ మీద పిల్లి, పిల్లికి చెలగాటం ఎలుకకి ప్రాణసంకటం – ఇవి ఇంట్లో కూర్చుని గమనించినవాళ్ళ మాటలు, కావ్యాలు రాసేవాళ్ళ మాటలు కావు. వంటింట్లో పుట్టిన డాక్యుమెంటేషన్ అన్నమాట. పిల్లిమొగ్గ అనే మాట కూడా చూడండి. కింద పడే పిల్లి గాల్లోనే ఒళ్ళు తిప్పుకుని నాలుగు కాళ్ళ మీద దిగుతుందని మనవాళ్ళకి ఎప్పట్నించో తెలుసు. 1894లో ఎతియెన్ జూల్ మారే అనే ఫ్రెంచాయన పిల్లిని తలకిందులుగా వదిలి వరసగా ఫోటోలు తీస్తే, ఆధారం లేకుండా గాల్లో ఎలా తిరిగిందని శాస్త్రవేత్తలు బుర్రలు గోక్కున్నారు. ఉట్టి మీద నుంచి జారిన పిల్లిని చూసిన ఏ అవ్వనడిగినా, ఎలా తిరుగుతుందో కాకపోయినా తిరిగి తీరుతుందని మాత్రం చెప్పేది.

మా వాడపల్లి ఇంట్లో నా చిన్నప్పటికి కూడా ఉట్టి వుండేది. మూసీ వచ్చి కృష్ణలో కలిసే ఊరు మాది. మా నానమ్మ పెంచిన, కాదు, మా నానమ్మని పెంచిన పిల్లి ఒకటుండేది. అది ఉట్టి కింద నుంచి ఎగరడం ఎప్పుడో మానేసింది. వడ్ల గుమ్మి ఎక్కి, అక్కడ నుంచి గోడమీది గూట్లోకి దూకి, అక్కడ నుంచి దూలం మీదికి పోయి, పైనించి తాడు పట్టుకుని దిగేది. కింద నుంచి అటాక్ వస్తుందనుకుని డిజైన్ చేస్తే పైనించి వచ్చిందన్నమాట. పెరుగు తాగాక నేరుగా గడప మీద కూర్చుని తీరుబడిగా మూతి తుడుచుకునేది. మార్జాలం అనే సంస్కృతం మాటే ‘తుడుచుకోవడం’ అనే ధాతువు నుంచి వచ్చిందంటారు. శుభ్రత కోసమే కావచ్చు గానీ, నాకు మాత్రం అది లాగ్స్ డిలీట్ చేస్తున్నట్టే కనిపించేది.

ఇవి చాలవన్నట్టు బియ్యం చెరుగుతుంటే చేటలో వచ్చి కూర్చోవడం, పూలు కడుతుంటే దారం లాక్కుపోవడం, గూట్లో స్టీలు గ్లాసుని ఒక్కో అంగుళం నెడుతూ మన కళ్ళలోకి చూసి మరీ కింద పడేయడం, పిల్లల్ని తెచ్చి నానమ్మ పట్టుచీరల మీద పెట్టడం. తెల్లారుజామున నాలుగింటికి గురగురమంటూ లేపడం ఒకటి. ఈ గురగురలో కూడా మతలబుంది. తిండి కోసం చేసే గురగురలో పసిపిల్ల ఏడుపు స్థాయికి దగ్గరగా వుండే ఒక సన్నని కూత కలిసివుంటుందని, అందుకే మనుషులు దాన్ని పట్టించుకోకుండా వుండలేరని ఇంగ్లండులో కారెన్ మెక్‌కోంబ్ బృందం 2009లో ప్రచురించారు. నానమ్మ విసుక్కుంటూనే లేచేది.

ఒకరోజు పెరుగంతా పోయింది. దీన్ని గోనెసంచిలో వేసి ఏటి అవతల వదిలేసొద్దామని ఇంట్లో అందరూ అంటుంటే, నానమ్మ ఒక్క మాట అంది.

“దానికేమన్న జీతమిస్తున్నమా బిడ్డ? గుమ్మి కింద ఎలుకలు పట్టెటోణ్ణి పెట్టుకుంటే నెలకెంతడుగుతడు? ఆ గిన్నెడు పెరుగే దాని జీతమనుకో.”

పిల్లి గురించి తర్వాత నేను చదివినవేవీ ఈ మాటని దాటలేదు.

క్యారెక్టర్ సర్టిఫికెట్

పిల్లిని దొంగగా చూసినవాళ్ళు మన పుస్తకాల నిండా వున్నారు. మనుస్మృతి నాలుగో అధ్యాయంలో పైకి ధర్మం, లోపల దురాశ వున్నవాణ్ణి బైడాలవ్రతికుడు అన్నారు. పిల్లి వ్రతం పట్టినవాడని. అలాంటివాడికి మంచినీళ్ళు కూడా ఇవ్వొద్దన్నారు. పంచతంత్రంలో దధికర్ణుడనే పిల్లి తీర్పు చెప్తానని కుందేలునీ కపింజలాన్నీ దగ్గరకి పిలిచి, ముసలిదాన్ని సరిగ్గా వినపడదు ఇంకాస్త దగ్గరకి రండి అని చెప్పి రెండిటినీ తినేసింది. మహాబలిపురంలో 7వ శతాబ్దపు పల్లవులు చెక్కించిన ఆ పెద్ద కొండరాతి శిల్పం చూశారా? గంగావతరణమనీ అర్జునుడి తపస్సనీ అంటారు. దాంట్లో ఋషులూ దేవతలూ ఏనుగుల మధ్య ఒక పిల్లి వెనక కాళ్ళ మీద నిలబడి ముందు కాళ్ళు పైకెత్తి తపస్సు చేస్తూ వుంటుంది. చుట్టూ ఎలుకలు. అంత గంభీరమైన సీనులో శిల్పికి ఇంట్లో పిల్లి గుర్తొచ్చిందంటే, ఆయన పాలు కూడా ఎప్పుడో పోయే వుంటాయి :)

ఐతే ఇదే పిల్లిని పూర్తిగా వేరేలా చూసినవాళ్ళు కూడా వున్నారు. భక్తుడు దేవుణ్ణి ఎలా పట్టుకోవాలి అని శ్రీవైష్ణవుల్లో శతాబ్దాలుగా ఒక చర్చ వుంది. కోతిపిల్ల తల్లిని గట్టిగా పట్టుకున్నట్టు మనమే పట్టుకోవాలని వడగలై వారు. పిల్లికూన ఏమీ చేయదు, తల్లే మెడ దగ్గర కరిచి ఎక్కడికి కావాలంటే అక్కడికి మోసుకుపోతుంది, అలా దేవుడే చూసుకుంటాడని తెంగలై వారు. దీనికే మార్జాల కిశోర న్యాయమని పేరు. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు మారుస్తుందని మనం విసుక్కునే అదే పనిలోంచి వాళ్ళు శరణాగతిని చూశారు. పట్టుచీరల మీద పిల్లల్ని పెట్టిన పిల్లిని చూసి సిద్ధాంతం తీయాలంటే ఎంత ఓర్పు కావాలో!

మా ఊళ్ళో ఇంకో కథుంది. వాడపల్లి అగస్త్యేశ్వరుడి గుడి స్థలపురాణం. ఒక వేటగాడు తరుముతుంటే పక్షి వచ్చి శివుడి వెనక దాక్కుంది. శివుడు అభయమిచ్చాడు. అప్పుడు వేటగాడు అడిగాడట, మరి నా ఆకలి మాటేమిటని. శివుడు వాణ్ణి పాపీ పొమ్మని కసరలేదు. నా తలలోంచి మాంసం తీసుకో అన్నాడు. లింగం పైన గుంటలు ఆ వేటగాడి వేళ్ళ గుర్తులని, అక్కడ ఊరే నీళ్ళు గాయం కడగడానికి వచ్చిన గంగ అని చెప్తారు. ఈ కథలో నాకు నచ్చేది దయ ఒక్కటే కాదు, లెక్క కూడా. తినేదాన్ని తప్పించావు, బదులు ఏమిస్తావు అని వేటగాడు అడగడం న్యాయమేనని దేవుడే ఒప్పుకున్నాడు. నానమ్మ జీతం మాట అన్నప్పుడు ఈ కథ తలుచుకుందో లేదో తెలీదు గానీ, లెక్క మాత్రం ఒకటే.

దీనికి తోడు పిల్లిని చంపితే బంగారంతో పిల్లిని చేయించి దానం ఇవ్వాలని పెద్దలు బెదిరించేవారు. పెరుగు పోయిన కోపంలో కర్ర ఎత్తినవాడు కూడా బంగారం రేటు గుర్తొచ్చి ఆగేవాడు. మూఢనమ్మకమే, కాకపోతే గింజని కాపాడేదాని ప్రాణానికి అంతకంటే చవకైన ఇన్సూరెన్స్ ఏముంది?

తెనాలి రామకృష్ణుడి ప్యాచ్

ఈ చరిత్రలో అందరికీ తెలిసిన పిల్లి తెనాలి రామకృష్ణుడిది. జరిగిన సంగతి అని కాదు, జనం చెప్పుకునే కథ. ఎలుకల బాధకి రాయలవారు ఇంటికో పిల్లినీ, దాని పాలకి ఓ ఆవునీ ఇచ్చారు. రామకృష్ణుడు మొదటిరోజే సలసలా కాగే పాలు పెట్టాడు. మూతి కాలిన పిల్లి ఆ తర్వాత పాలు చూస్తేనే పరుగు. పాలన్నీ ఇంట్లోవాళ్ళు తాగారు. చివరికి పిల్లిని సభకి తీసుకెళ్ళి, పాలు తాగని పిల్లి అని చూపించి అందర్నీ నవ్వించాడు.

చిన్నప్పుడు నేనూ నవ్వాను. ఇప్పుడు చదివితే ఇది జీతం ఎగ్గొట్టిన మేనేజర్ కథలా వుంటుంది. బడ్జెట్ పైనుంచి వచ్చింది, ఆవుతో సహా. ఉద్యోగికి చేరలేదు. పైగా ఉద్యోగే తీసుకోనన్నాడని రికార్డు. ఎలుకల సంగతి ఏమైందో కథలో ఎవరూ అడగరు. మెచ్చుకోలు మాత్రం మేనేజర్‌కి. ఎక్కడో విన్నట్టుంది కదూ?

మనలాంటివాళ్ళ బల్లల మీద

ఇంట్లో కూర్చుని రాసుకునేవాళ్ళకీ పిల్లికీ గొడవ మన వర్క్ ఫ్రం హోమ్‌తో మొదలవలేదు. సుమారు 1420లో నెదర్లాండ్స్‌లోని డెవెంటర్ దగ్గర రాతప్రతి రాసుకునే ఒకాయన రాత్రి పేజీ తెరిచి పడుకుంటే పిల్లి వచ్చి దాని మీద మూత్రం పోసింది. ఆయన ఆ భాగం ఖాళీ వదిలేసి, పక్కన పిల్లి బొమ్మా, మరక వైపు చూపించే వేళ్ళూ గీసి, ఆ పిల్లిని శపించి, రాత్రిపూట పుస్తకాలు తెరిచి వదలొద్దని మిగతావాళ్ళకి హెచ్చరిక రాశాడు. మన భాషలో కోడ్‌లో కామెంట్ పెట్టాడు. 1445 నాటి దుబ్రోవ్నిక్ పత్రాల్లో ఒక పేజీ మీద సిరా అంటిన నాలుగు పిల్లి అడుగులు అలాగే వున్నాయి. చన్హుదారో ఇటుకకి కాగితం వెర్షన్.

1975లో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో జాక్ హెథరింగ్టన్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ ఒక్కడే ఒక పేపర్ రాసి, అంతటా ‘మేము’ అని వాడాడు. ఒక్క రచయితే వుంటే అలా కుదరదని తోటివాడు చెప్పాడు. టైప్‌రైటర్ రోజులు, ఫైండ్ అండ్ రీప్లేస్ లేదు. మళ్ళీ టైప్ చేయడం ఇష్టంలేక తన పిల్లి చెస్టర్‌ని ఎఫ్.డి.సి. విల్లార్డ్ అనే పేరుతో రెండో రచయితగా చేర్చేశాడు. పేపర్ ఫిజికల్ రివ్యూ లెటర్స్‌లో అచ్చయింది! ఇక 2000లో కంప్యూటర్ సైన్సుకి ఇగ్ నోబెల్ బహుమతి ఎవరికొచ్చిందో తెలుసా? పాసెన్స్ అనే సాఫ్ట్‌వేర్ రాసిన క్రిస్ నిస్వాండర్‌కి. కీబోర్డ్ మీద పిల్లి నడిచిందని కనిపెట్టి, టైపింగ్ ఆపేసి, పిల్లికి నచ్చని శబ్దం చేసే సాఫ్ట్‌వేర్ అది. నవ్వుకున్నా, ప్రిన్సిపుల్ మాత్రం మనకి తెలిసిందే. పిల్లిని మార్చలేదు, కంచె కట్టాడు. ఉట్టికి సాఫ్ట్‌వేర్ రిలీజ్.

పని పోయాక

ఉట్టిని ఓడించింది పిల్లి కాదు, ఫ్రిజ్. గోద్రెజ్ కంపెనీ 1958లో మన దేశంలో ఫ్రిజ్‌ల తయారీ మొదలుపెట్టింది. అది మా ఊరి ఇళ్ళకి చేరడానికి చాలా ఏళ్ళు పట్టింది గానీ, చేరాక దూలాలతో పాటు ఉట్లూ పోయాయి. గుమ్ములు పోయి వడ్లు కల్లం నుంచే మిల్లుకి పోతున్నాయి. పిల్లికి దొంగతనమూ పోయింది, ఉద్యోగమూ పోయింది.

ఇప్పుడు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో పదో అంతస్తు ఫ్లాటులో పిల్లిని పెంచుకునే మిత్రులు చాలామంది. ఎలుక లేదు, గుమ్మి లేదు, దూలం లేదు. పిల్లి మాత్రం అదే. 2014లో పిల్లి జన్యుక్రమాన్ని విప్పిచూసినవాళ్ళు అడవి పిల్లికీ ఇంటి పిల్లికీ పెద్దగా తేడాల్లేవని, కుక్కంత మార్పు దీనిలో రాలేదని చెప్పారు. వేల ఏళ్ళ వేట ఒంట్లో పెట్టుకుని కూర్చున్నదానికి కర్టెన్, ఛార్జర్ వైరు, స్టాండప్ మీటింగులో మన మొహం తప్ప ఏం దొరుకుతుంది? దాన్ని అల్లరి అంటున్నాం. బెంచ్ మీద వున్న ఉద్యోగి ఆఫీసులో ఏం చేస్తాడో మనకి తెలీదా :) సాయంత్రం ఓ పావుగంట తాడు చివర ఈక కట్టి పరిగెత్తించండి, తెల్లారుజాము అల్లరి సగం తగ్గుతుంది. దానికి కావాల్సింది పని.

ఊళ్ళో సంగతి మాత్రం ఇంత నవ్వులాట కాదు. ఎలుకలు పోలేదు, గట్ల మీదా మిల్లుల దగ్గరా అలాగే వున్నాయి. పిల్లి పని ఇప్పుడు మందుకి ఇచ్చారు. మందు తిన్న ఎలుక మత్తుగా తిరుగుతూ తేలిగ్గా దొరుకుతుంది, పిల్లి దాన్ని తింటుంది, పిల్లీ పోతుంది. గుడ్లగూబా పోతుంది. ఎలుకలేమో పిల్లుల కంటే త్వరగా పిల్లలు పెడతాయి, మళ్ళీ వస్తాయి. మళ్ళీ మందు కొనాలి. ఏడాదికి ఆ మందు ఖర్చు ఎంతో, గిన్నెడు పెరుగు ఖర్చు ఎంతో లెక్క వేసినవాళ్ళు నాకు కనపడలేదు. పండక్కి ఊరెళ్ళినప్పుడు ఇంట్లో ఎలుకల మందు ప్యాకెట్ కనిపిస్తే, ఆ వీధిలో పిల్లులున్నాయా అని ఒకసారి అడగండి. వుంటే మందు పక్కన పెట్టి రెండు నెలలు చూడమనండి. పాల గిన్నె మీద మూత మాత్రం గట్టిగా పెట్టుకోమనండి, దాని మీద బరువు కూడా.